పురుగు ముట్టిన కూలీకి మందు యేదీ?

తొలకరి పడిందంటే పల్లెలో పని మొదలవుతుంది. పనితోబాటే పాము భయమూ మొదలవుతుంది. ఆకుమళ్ళు, నాట్లు, కలుపులు, ఆనక కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. ఈ ఆరేడు నెలలూ కూలి మనిషి కాళ్ళూ చేతులూ గడ్డిలోనో, బురదలోనో, పనల కిందనో వుంటాయి. యెలుకలూ కప్పలూ వుండేదీ అక్కడే. వాటికోసం పామూ అక్కడికే వస్తుంది.

రాత్రిళ్ళు పాము పేరు యెత్తగూడదని మన పెద్దవాళ్ళు "పురుగు" అంటారు. "ఫలానా ఆమెకు పురుగు ముట్టిందంట" అంటే చాలు, వాడ వాడంతా పరుగెత్తుతుంది. ఆ మనిషి చనిపోతే "ఆయుష్షు అంతవరకే", "నొసటన రాసిపెట్టి వుంది" అని నలుగురూ అనుకుని వూరుకుంటారు. లారీ గుద్ది చనిపోతే కేసు వుంటుంది. ఫ్యాక్టరీలో మిషను కింద చెయ్యి నలిగితే పరిహారం అడుగుతారు. వరి కోస్తూ పాము కరిచి చనిపోతే మాత్రం అది తలరాత! ఈ మాట మనం వొప్పుకోగూడదు. పాము కాటు వ్యవసాయ కార్మికుల పనిలో వున్న ప్రమాదం. దానికి మందు వుంది. వేళకు మందు పడితే చాలామంది బతుకుతారు. కాబట్టి ఈ విషయంలో మనం తెలుసుకోవలసిందీ వుంది, అడిగి సాధించుకోవలసిందీ వుంది.

చావుల లెక్క

దేశంలో ఇంటింటికీ తిరిగి చావుల కారణాలు రాబట్టిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 2005 సంవత్సరంలో పాము కాటు వల్ల దాదాపు 46 వేల మంది చనిపోయారని అందులో అంచనా కట్టారు. నూటికి 97 చావులు పల్లెల్లోనే. నూటికి 77 మంది ఆసుపత్రి బయటే ప్రాణం వదిలారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే నాట్లూ కలుపులూ జరిగే రోజుల్లో చావులు యెక్కువ. పదిహేనేళ్ళ నుంచి ముప్పై యేళ్ళ లోపు వయసువాళ్ళు యెక్కువ. రెక్కల్లో సత్తువ వుండి ఇంటిని మోసేవాళ్ళన్నమాట.

మన సంగతి మరీ ఘోరం. చావుల సంఖ్యలో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. యేటా అయిదు వేలకు పైన. జనాభా లెక్కన చూస్తే మొదటి స్థానమే మనది. 2000 నుంచి 2019 వరకు ఇరవై యేళ్ళలో దేశం మొత్తం మీద 12 లక్షల మంది ఇలా పోయారని 2020లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. ఒక యుద్ధంలో ఇంతమంది పోతే లోకం దద్దరిల్లేది. వీళ్ళు ఒక్కొక్కరుగా, ఒక్కో గట్టు మీద పోయారు. అందుకే చప్పుడు లేదు.

యెవరిని కరుస్తుంది?

పాముకు కులమూ వర్గమూ తెలియవు అంటారు. నిజమే, పాముకు తెలియవు. కానీ పాము తిరిగే చోట యెవరు తిరుగుతారో చూడండి. చెప్పుల్లేని కాళ్ళతో గట్టు మీద నడిచేది యెవరు? తెల్లవారకముందే పత్తి చేలోకి, మిరప తోటలోకి దిగేది యెవరు? చీకట్లో నీళ్ళు కట్టడానికి, మోటారు వేయడానికి పోయేది యెవరు? పాలేరో, కౌలుదారో, చిన్న రైతో.

పని అయ్యాక ఇంటికి వస్తే అక్కడా అంతే. మట్టి గోడ, కన్నాల గడప, పక్కనే పిడకల గూడు, గడ్డివాము. మంచం వుంటే ముసలివాళ్ళకి, మిగతావాళ్ళకి నేల మీద చాప. కర్నూలు జిల్లా పల్లెల నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరప కోతలకు వలస పోయే కూలీలకు ఆ చాప కూడా చేను పక్కన పట్టా గుడిసెలోనే. మరుగుదొడ్డి లేని ఆడవాళ్ళు చీకటి పడ్డాకో తెల్లవారకముందో చెంబు పట్టుకుని పొదల్లోకి పోవాల్సిందే. భద్రాచలం అడవుల్లో వేసవిలో తునికాకు కోసేవాళ్ళు, మసక వెలుతురులోనే ఇప్పపువ్వు యేరేవాళ్ళు ఆకుల్లో చెయ్యి పెట్టకుండా పని జరగదు. పాము కాటు పేదవాడి రోగం అని డాక్టర్లే అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది.

నాలుగు పాముల సంగతి

మన చేలల్లో కనిపించే పాముల్లో యెక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక వల్ల ప్రాణభయం లేదు. జెర్రిపోతు యెలుకల్ని తిని పంటకు మేలే చేస్తుంది. మనవాళ్ళను యెక్కువగా చంపేవి నాలుగు.

నాగుపాము, అంటే తాచు. పడగ విప్పుతుంది, బుస కొడుతుంది. కాటు దగ్గర నొప్పి, వాపు వుంటాయి. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి వూపిరి ఆడదు.

కట్లపాము. నల్లటి వొంటి మీద సన్నటి తెల్ల కట్లు. ఇది రాత్రి తిరుగుతుంది, ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి వుండదు, వాపు వుండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు లేవకపోవడం, మింగుడు పడకపోవడం. వానాకాలంలో నేల మీద పడుకుని లేచినవాళ్ళకు ఈ గుర్తులు కనిపిస్తే "తిన్నది పడలేదులే" అనుకోగూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రక్తపింజర. లావుగా, గోధుమ రంగులో, వొంటి మీద గొలుసు మచ్చలతో వుంటుంది. మనిషి అలికిడికి తప్పుకోదు. పనల కింద, గడ్డిలో కదలకుండా పడి వుంటుంది. కొలిమి తిత్తిలా గట్టిగా బుస కొడుతుంది. వరి కోతల్లో దీని కాటే యెక్కువ. కాలు విపరీతంగా వాచిపోతుంది, చిగుళ్ళ నుంచి, గాయం నుంచి రక్తం ఆగదు, మూత్రం యెర్రగా వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. బతికినవాళ్ళలో కొందరు డయాలసిస్ దాకా పోతున్నారు.

చిన్న పింజర. రాయలసీమ, పాలమూరు వంటి మెట్ట నేలల్లో, రాళ్ళ కింద వుంటుంది. జానెడు బారెడు కూడా వుండదు. చుట్ట చుట్టుకుని పొలుసులు రాపాడించి రంపం కోసిన చప్పుడు చేస్తుంది. ఇదీ రక్తాన్ని గడ్డకట్టనీయదు. చిన్నది గదా అని తేలిగ్గా తీసుకుంటే ముప్పే.

పని దగ్గర, ఇంటి దగ్గర

నాట్ల బురదలో బూట్లతో పని చేయలేమన్నది నిజం. కానీ కలుపు, కోత, చెరకు కొట్టడం, నీళ్ళు కట్టడం, వీటికి మోకాలి కింది వరకు వచ్చే రబ్బరు బూట్లు పనికొస్తాయి. కాట్లలో యెక్కువ భాగం పాదం మీద, పిక్క కింద పడేవే. ఆ బూట్లు కొనే బాధ్యత పని చేయించుకునే ఆసామిది. పురుగుమందు డబ్బా కొంటాడు, ట్రాక్టరుకు టైర్లు కొంటాడు. మనిషి కాళ్ళకు జోడు కొనమంటే మాత్రం కొత్తగా వింటున్నట్టు చూస్తాడు. కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే ముఠా అంతా కలిసి ఈ మాట కూడా మాట్లాడుకోవాలి. ఒక్కరు అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు. ముప్పైమంది అడిగితే వినక తప్పదు.

కోసిన పనను యెత్తేముందు కర్రతో కదిలించాలి. గడ్డివాములో, పిడకల గూట్లో, కట్టెల మోపు కింద చూడకుండా చెయ్యి పెట్టగూడదు. మోటారు షెడ్డులో స్టార్టర్ డబ్బా తెరిచేముందు లైటు వేసి చూసుకోవాలి. గట్టు మీద చీకట్లో పోయేటప్పుడు చేతిలో బ్యాటరీ లైటు, కర్ర వుండాలి. పాములకు మన మాటలు పెద్దగా వినపడవుగానీ నేల అదురు బాగా తెలుస్తుంది. అందుకే కర్ర నేలకు కొడుతూ నడవమనేది. అడవిలో అడ్డంగా పడిన మాను వుంటే ఒక్క అంగలో దాటగూడదు. ముందు దాని మీద కాలు పెట్టి అవతలి పక్క చూసి దిగాలి.

ఇంట్లో నేల మీద పడుకోక తప్పనివాళ్ళు దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపుకుని పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. దోమలకూ పాముకూ ఒకే తెర! ధాన్యం, కోళ్ళు పడుకునే చోట వుంటే యెలుకలు వస్తాయి, యెలుకల వెంట పాము వస్తుంది. వాటిని పక్కకు మార్చుకోవాలి. పాము కనిపిస్తే దాని మానాన దాన్ని పోనివ్వాలి. పట్టబోయి, కొట్టబోయి కరిపించుకున్నవాళ్ళు చాలామంది వున్నారు.

కరిస్తే యేం చేయాలి?

మొదటిది, మనిషిని భయపెట్టవద్దు. చుట్టూ చేరి ఏడిస్తే గుండె దడ పెరుగుతుంది. పామును వెతుకుతూ కూర్చోవద్దు. దాన్ని చంపి ఆసుపత్రికి తీసుకుపోనక్కరలేదు. నాలుగు పాములకూ ఇక్కడ ఇచ్చే మందు ఒక్కటే.

రెండోది, కాటు పడిన కాలికి, చేతికి వున్న మెట్టెలు, కడియాలు, ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయాలి. వాపు వస్తే అవే బిగిసి కండను చంపేస్తాయి.

మూడోది, యెముక విరిగినప్పుడు కట్టినట్టు ఒక కర్ర బద్ద పెట్టి, గుడ్డతో వదులుగా కట్టి, ఆ కాలు కదలకుండా చూడాలి. మనిషిని నడిపించగూడదు. మంచం మీదో, భుజాల మీదో మోసుకుపోవాలి. 108కి ఫోను చేయాలి. బండి ఆలస్యమవుతుందంటే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోవాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కరిచిన వేళ గుర్తు పెట్టుకోవాలి, డాక్టరు ముందు అదే అడుగుతాడు.

చేయగూడనివి కూడా చెప్పుకోవాలి. తాడు బిగించి కట్టవద్దు. రక్తం ఆడక కాలు కుళ్ళి తీసేయవలసి వస్తుంది. ముందే యెవరైనా బిగించి వుంటే మాత్రం దారిలో తటాలున విప్పకుండా డాక్టరు ముందే విప్పించాలి. బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. పింజర కాటుకు రక్తం గడ్డకట్టదు, కోస్తే ఆ గాటు నుంచే రక్తం పోతుంది. సారా పట్టవద్దు. నొప్పి అని ఆస్ప్రిన్ మాత్ర ఇవ్వవద్దు.

మంత్రం యెందుకు "పారుతుంది"?

ప్రతి వూళ్ళో పాము మంత్రగాడు వుంటాడు. కొందరు వేపాకు నమిలిస్తారు, చేదు తెలిస్తే విషం లేదంటారు. కొందరు మిరపకాయ తినిపిస్తారు. కొందరు పాము రాయి పెడతారు, కోడిపిల్లల్ని తెచ్చి గాటుకు ఆనిస్తారు. "ఫలానా వాడు మంత్రంతోనే బతికాడు గదా" అని మనవాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకు కసురుకోకుండా జవాబు చెప్పాలి. కరిచిన పాముల్లో చాలా వాటికి విషమే లేదు. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. ఆ మనుషులు యే మంత్రం లేకపోయినా బతికేవాళ్ళే. పేరు మంత్రగాడికి వస్తుంది. నిజంగా విషం యెక్కినవాడు చనిపోతే "ఆలస్యంగా తెచ్చారు" అంటాడు. గెలిచినా ఆయనదే, వోడినా ఆయనది కాదు.

మంత్రగాడిని తిట్టి లాభం లేదు. ఆసుపత్రి పది మైళ్ళ దూరంలో వుండి, మంత్రగాడు పది ఇళ్ళ అవతల వున్నప్పుడు జనం యెటు పోతారు? మా ప్రాంతంలో ఒక కోతల కాలంలో చూసిన సంగతి చెబుతాను. వారం తేడాతో ఇద్దరు ఆడకూలీలకు పింజర కాటు పడింది. ఒకామెను ముఠావాళ్ళు పన దించేసి నేరుగా పెద్దాసుపత్రికి యెక్కించారు. పది రోజుల్లో ఇంటికి వచ్చింది. రెండో ఆమెను ముందు మంత్రానికి, తర్వాత దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ మందు లేదన్నారు, పట్నం పొమ్మన్నారు. పట్నం చేరేసరికి మూత్రం ఆగిపోయింది. ఆమె బతకలేదు. ఇద్దరూ ఒకే వాడవాళ్ళు, ఒకే పొలంలో కోసినవాళ్ళు. ఒకరి నొసటన ఒక రాత, ఇంకొకరి నొసటన ఇంకో రాత వుందని చెబితే నమ్మాలా?

పాలకుల తీరూ చూశాం. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాము కాట్లు పెరిగి జనం అల్లాడితే మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం జరిపించారు. యెవరి నమ్మకం వాళ్ళది, దాని జోలికి మనం పోనక్కరలేదు. కానీ ప్రభుత్వం చేయవలసిన పని ప్రతి ఆరోగ్య కేంద్రంలో మందు సీసాలు పెట్టడం.

ఆసుపత్రిలో యేం వుండాలి?

పాము విషానికి విరుగుడు మందు పాము విషం నుంచే తయారవుతుంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు యెక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. ఆ విషం పిండేవాళ్ళు కూడా మనలాంటి పేదలే. తమిళనాడులోని ఇరుళ గిరిజనులు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. దేశంలో మందు తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం వాళ్ళ చేతుల మీదుగానే వచ్చింది. మందు తయారు చేసే కంపెనీ మన తెలంగాణలోనూ వుంది. ఇక్కడ తయారయ్యే మందు ఇక్కడి కూలీకి దొరకకపోవడం యేమిటి?

పొడి రూపంలో వచ్చే మందుకు ఫ్రిజ్ కూడా తప్పనిసరి కాదు. కరెంటు లేదు, అందుకే పెట్టలేదు అన్న సాకు చెల్లదు. విషం యెక్కిన గుర్తులు కనిపిస్తే మొదటి మోతాదు మామూలుగా పది సీసాలు. పసిబిడ్డకూ అంతే, పెద్దవాడికీ అంతే. పాము దించే విషం మనిషి సైజును బట్టి తగ్గదు గదా! కడుపుతో వున్న ఆడమనిషికీ ఇవ్వాలి. పింజర కాటును పట్టడానికి పెద్ద ల్యాబు అక్కరలేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా వుంచి, వొంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్ళలా పారితే విషం యెక్కినట్టే. గాజు గొట్టం, గడియారం లేని ఆసుపత్రి వుంటుందా?

ఈ మందు కొందరికి పడదు. దద్దుర్లు, వూపిరి ఇబ్బంది రావచ్చు. దానికి అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకోవాలి. తాచు, కట్లపాము కాటుకు వూపిరి ఆగితే చేత్తో వొత్తే గాలి సంచితో వూపిరి అందిస్తూ పెద్దాసుపత్రికి పంపాలి. ఈ భయంతోనే కొందరు డాక్టర్లు సీసా విప్పకుండానే "పట్నం పొండి" అని చీటీ రాస్తున్నారు. వాళ్ళను నిందించి వూరుకుంటే చాలదు. వాళ్ళకు శిక్షణ ఇవ్వాలి, సూదులూ మందులూ ఇవ్వాలి, రాత్రిపూట డాక్టరు వుండేట్టు చూడాలి. మొదటి మోతాదు దగ్గరి ఆసుపత్రిలోనే పడాలి, ఆ తర్వాతే పట్నం.

కాగితం మర్చిపోవద్దు

2015లో కేంద్రం పెట్టిన సురక్షా బీమా కింద బ్యాంకు ఖాతా వున్న 18 నుంచి 70 యేళ్ళ వాళ్ళు ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు ఇవ్వాలి. 2022 నుంచి దానికి యేడాదికి 20 రూపాయలు కట్టించుకుంటున్నారు. పాము కాటు కూడా ప్రమాదం కిందికే వస్తుంది. కానీ ఆసుపత్రి రికార్డు చూపించాలి. గట్టు మీదో, మంత్రగాడి అరుగు మీదో పోయినవాడికి ఆ కాగితం యెక్కడిది? ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఇదీ ఒక కారణం. చీటీ మీద "పాము కాటు" అని రాయించండి. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు వున్నాయో లేదో చూసుకోండి.

2018లో తెలంగాణలో రైతు బీమా పెట్టినప్పుడు పట్టా వున్న రైతుకే అన్నారు. భూమి లేని కూలీని, కౌలుదారుణ్ణి బయట వుంచారు. పాము కరిచేటప్పుడు పాసుపుస్తకం అడగదు. పరిహారం ఇచ్చేటప్పుడు ఇదేం న్యాయం?

మనం అడగవలసినవి

కేంద్ర ప్రభుత్వమే 2024 మార్చిలో పాము కాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. దేశంలో యేటా 30 నుంచి 40 లక్షల కాట్లు, సుమారు 50 వేల చావులు వున్నాయనీ, 2030కల్లా చావుల్ని సగానికి తగ్గిస్తామనీ అందులో రాసుకుంది. 2024 నవంబరులో ప్రతి కాటునూ విధిగా నమోదు చేయాలని రాష్ట్రాలను కోరింది. కర్ణాటక ఆ యేడు ఫిబ్రవరిలోనే ఆ పని చేసింది. లెక్క వుంటేనే మందు వస్తుంది. లెక్కలో లేనివాడికి సీసా యెవరు పంపుతారు?

కాబట్టి ప్రతి గ్రామ శాఖ తొలకరికి ముందే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పోయి అయిదు సంగతులు కనుక్కోవాలి. విరుగుడు మందు యెన్ని సీసాలున్నాయి? వాటి గడువు తేదీ యేమిటి? అడ్రినలిన్ వుందా? గాలి సంచి వుందా? రాత్రి డ్యూటీలో యెవరుంటారు? జవాబులు రాసుకుని, పదిమంది సంతకాలతో మెడికల్ ఆఫీసరుకూ తహసీల్దారుకూ అర్జీ ఇవ్వాలి. సీసాలు లేవంటే తెచ్చేదాకా వెంటబడాలి. గత అయిదేళ్ళలో వూళ్ళో పాము కాటుకు పోయినవాళ్ళ పేర్లు వాడవారీగా రాసి ఆ అర్జీకి జత చేయాలి. ప్రతి కాటూ నమోదు కావాలనీ, చనిపోయిన కూలీ కుటుంబానికి భూమి వున్నా లేకున్నా పరిహారం ఇవ్వాలనీ అందులోనే రాయాలి.

ముఠా మేస్త్రీలు కూడా ఒక పని చేయాలి. యే ఆసుపత్రిలో మందు వుందో, అక్కడికి పోయే బండి యెవరిదో, ఆ ఫోను నంబరు యేమిటో కూలీలందరికీ ముందే చెప్పి వుంచాలి. కాటు పడ్డాక ఆలోచిస్తూ కూర్చునే సమయం వుండదు. ఆ అరగంటే మనిషి ప్రాణం.